దీవిలో పోసిన సాక

తెలంగాణ వచ్చిన రోజు నర్సింగం ఊళ్లో లేడు. దానికి కారణం అల్లుడు జితేందర్. ఇందులో రెండో మాట లేదు.

జితేందర్‌ది కోరుట్లలో విత్తనాల దుకాణం. ఆ ఏడు మక్క విత్తనాలు బాగా అమ్మిన దుకాణాల వాళ్లను కంపెనీ కుటుంబాలతో సహా రామేశ్వరం పంపింది. రైలు, లాడ్జి, తిండి, తిరిగే వ్యాను, అన్నీ కంపెనీవే. శ్రీలత తండ్రిని కూడా రమ్మని పట్టుబట్టింది. నర్సింగం బిడ్డను ఏమీ అడగలేదు. అల్లుణ్ణి అడిగాడు.

"సోమారం పొద్దుగాల జెండా లేస్తది. ఆదివారం రాత్రికి నేను ఊళ్లె ఉండాలె. ఉంటనా?"

"ఉంటవు మామా," అన్నాడు జితేందర్.

ఊరంటే రుద్రంగికి ఇవతల ఉన్న చిన్న ఊరు. సోమవారం అంటే జూన్ రెండు. ఆ రోజు జెండా గద్దె కింద మొదటి లొట్టి కల్లు భూమికి ధార పోస్తానని నర్సింగం ఎల్లమ్మకు మొక్కుకున్నాడు. ఆ ధారనే సాక అంటారు. సాక పోయకుండా కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పెళ్లి జరగదు, పీనుగ లేవదు. తను గీసిన కల్లు, తన చేతుల మీదుగా పోయాలి. సమ్మె కాలంలో పోలీసులు రోడ్డు మీద వంటావార్పు గుండిగను తన్నినప్పుడు, చెల్లాచెదురైన అన్నం పక్కనే కూలబడి మొక్కిన మొక్కు అది. ఊరంతా విన్నారు.

శనివారం పొద్దున రైలు వంతెన ఎక్కింది. కింద నేల లేదు. రెండు వైపులా నీళ్లు. రైలు మెల్లగా, మనిషి నడిచినట్టు పోతోంది. జనం తలుపుల దగ్గర తొక్కుకుంటున్నారు.

"బాపూ, ఇటు చూడు. కిందికి చూడు," అంది శ్రీలత.

నర్సింగం చూశాడు. పచ్చటి నీళ్లు, చిన్న పడవలు. ఒక పడవలో మనిషి నిలబడి వల దులుపుతున్నాడు. చేపలు తక్కువ పడ్డాయని ఆ దులపడంలోనే తెలుస్తోంది.

"మీ అమ్మ చూస్తే కండ్లు మూసుకుంటుండె," అన్నాడు.

శ్రీలత నవ్వింది. భార్య సమ్మవ్వ పోయాక అతను ఆమె మాట ఎత్తడమే తక్కువ. శ్రీలత ఇంకో మాట వస్తుందేమోనని చూసింది.

లాడ్జిలో సంచులు పడేసి అందరూ మెస్‌కు వెళ్లారు. వడ్డించే వాళ్లకు తెలుగు వచ్చు. అరిటాకు మీద అన్నం, సాంబారు, క్యాబేజీ కూర, కొబ్బరి పచ్చడి, అప్పడం, వేయించిన వంజరం ముక్క. ముక్క అరచేయంత ఉంది. నర్సింగం పక్కన వెంకటరత్నం అనే డీలరు కూర్చున్నాడు. తెనాలి వైపు మనిషి. పాత రోజుల్లో మద్రాసులో విత్తనాలు కొన్నవాడు, అరవం వచ్చు. రైల్లో రెండు రాత్రులూ అందరి సీట్ల దగ్గరికీ వెళ్లి మాట్లాడినవాడు.

"ఎల్లుండి నుంచి మీరు పక్క రాష్ట్రం వాళ్లయిపోతారండీ. ఆఖరిసారి ఒకే బంతిలో తిందామని మీ పక్కన చేరాను."

"కూసోండ్రి. బంతికి బార్డరేంది?"

"ఇంతకీ గోంగూర ఎవరి వాటాకి వస్తుందంటారు?"

"గోంగూర మీరే తీస్కపోండ్రి. మా పెరట్ల పుంటికూర ఉన్నది."

"రెండూ ఒకటే కదండీ!"

"ఒకటే. అయితే ఏంది? మీ పెరడు మీదే, మా పెరడు మాదే."

వెంకటరత్నం నవ్వి ఇంకో చేప ముక్క వేయించుకున్నాడు. నర్సింగం ఆకులో కూడా ఒకటి వేయమన్నాడు.

"తినండి, తినండి. సోమవారం సాయంత్రం దాకా మనకి ఇదే పని. తినడం, తిరగడం, నిద్రపోవడం."

నర్సింగం చేతిలో ముద్ద ఆగింది.

"సోమారం సాయంత్రమా? బండి ఎప్పుడు?"

"సోమవారం సాయంత్రమేనండీ. అందరికీ కలిపే కదా టిక్కెట్లు తీసింది."

నర్సింగం ఎదురు వరుసలోకి చూశాడు. జితేందర్ అప్పడం విరుస్తున్నాడు. విరిచిన ముక్కను మళ్లీ విరుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"జితేందర్."

అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"ముందుగాల బండ్లల్ల జాగ దొరకలే మామా," అన్నాడు జితేందర్.

"ఇంటికాడ నాకేం చెప్పినవు?"

నర్సింగం గ్లాసు అందుకున్నాడు. సగం తిన్న అన్నం మీదే, చేప ముక్క మీదే చెయ్యి కడిగాడు. నీళ్లు సాంబారుతో కలిసి ఆకు అంచు దాకా పారాయి. వాళ్ల వైపు అన్నం మీద చెయ్యి కడిగితే ఆ మనిషితో పొత్తు తెగినట్టే. వెంకటరత్నానికి ఆ ఆచారం తెలియదు. అయినా అర్థమైంది.

"ఇగ నీ తిండి తిన," అని నర్సింగం లేచాడు.

సాయంత్రం బండి కదిలే వేళకు అతను స్టేషన్‌లో ఉన్నాడు. భుజాన సంచి, మెడలో సిరిసిల్ల కండువా. జనరల్ డబ్బాలో కిటికీల దాకా మనుషులు ఉన్నారు. ఈ బండి పట్టుకుంటే, ఆ తర్వాత దొరికిన బండి ఎక్కితే సోమవారం తెల్లారేసరికి ఊరు చేరొచ్చు. నిలబడి పోవాలి. పోతాడు.

శ్రీలత ఆటో దిగి వచ్చింది. ఒక్కతే వచ్చింది. సిమెంటు బల్ల మీద అతని పక్కన కూర్చుంది.

"ఎక్కుతవా?"

"ఎక్కుత."

"అంత దూరం నిలవడే పోతవా బాపూ?"

"లాఠీ దెబ్బలు తిన్న కాళ్లు. నిలవడ్తయి."

"ఆయన తప్పేం లేదు."

"తప్పు లేనోడు తల ఎందుకు దించిండు?"

ఆమె అతని కండువా కొస తీసుకుని చేతికి చుట్టుకుంది. ఒక మడత, ఇంకో మడత. చిన్నప్పుడు జాతరలో తప్పిపోకుండా ఇలాగే చుట్టుకునేది. ఇప్పుడు ఆమె చేతికి దుకాణంలో మూటలు ఎత్తిన గరుకు ఉంది.

"మొక్కు ఉన్నది బిడ్డా."

"ఎరుకే."

"ఇడువు మరి."

ఆమె విడవలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే కసిరి లేచేవాడు. ఊరికే పట్టుకుని రైలు వైపు చూస్తూ కూర్చుంది. బండి కూత వేసింది. ఒక్కసారి గుంజితే కండువా వచ్చేస్తుంది. నర్సింగం ఆ చేతిని చూశాడు. బండి కదిలింది. డబ్బాలు ఒకటొకటిగా దాటిపోయాయి. చివరి డబ్బా పోయాక అవతల ప్లాట్‌ఫారం మీద చేపల తట్టలతో కూర్చున్న ఆడవాళ్లు కనిపించారు.

"నీ కోసం ఆగిన," అన్నాడు. "వాని కోసం కాదు."

"ఎరుకే బాపూ," అని కండువా విడిచింది.

ఆదివారం పొద్దున డీలర్లంతా గుడిలో బావుల స్నానాలకు వెళ్లారు. ఒక్కో బావి దగ్గర మనిషి చేదతో తోడి నెత్తిన గుమ్మరిస్తాడు. తడి బట్టలతో ఇంకో బావి దగ్గరికి పరుగెత్తాలి. వెంకటరత్నం నాలుగో బావికే తుమ్మడం మొదలుపెట్టాడు. అతని భార్య "పాపాలు ఎక్కువ ఉన్నాయి కాబోలు, పోవడానికి టైం పడుతోంది" అంది. శ్రీలత కడుపు పట్టుకుని నవ్వింది. నర్సింగం పొడవాటి మండపం కింద కూర్చుని తను కొనుక్కున్న అరటిపళ్లు తిన్నాడు. ఇడ్లీలు, వడలు, పొంగలి, నెయ్యి వేసిన కాఫీ రంగు హల్వా, అన్నీ అతని ముందు నుంచే పోయాయి. జితేందర్ ఒకసారి ఆకులో ఇడ్లీలు తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు. నర్సింగం ఆ ఆకును ఒక ముసలి బైరాగి ముందుకు జరిపాడు.

తర్వాత వ్యాను ధనుష్కోటి దారి పట్టింది. ఊరు దాటగానే రోడ్డు పక్కన తాటి తోపు వచ్చింది. నర్సింగం కిటికీ లోంచి మెడ బయటికి పెట్టాడు. తోపు అంచున తాటాకు పందిరి, పందిరి కింద కుండలు.

"ఆపుండ్రి," అన్నాడు. రెండు రోజుల్లో అతను వ్యానులో అన్న మొదటి మాట అదే.

పందిరి యజమాని పేరు కాళిముత్తు. నర్సింగం ఈడువాడే. నల్లగా, బక్కగా ఉన్నాడు. అప్పుడే చెట్టు దిగుతున్నాడు. కాళ్లకు చిన్న తాటి నార బంధం తప్ప నడుముకు ఏమీ లేదు. నర్సింగం నోరు తెరిచి చూశాడు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే మోకు లేనిదే తమ ఊళ్లో ఎవడూ చెట్టు ముట్టడు.

"మోకు లేకుండ ఎక్కుతున్నడు! జారితే గంతే సంగతి."

కాళిముత్తు తాటాకును దోసిలిలా మడిచి, కుండ వంచి పోశాడు. నర్సింగం రెండు చేతులా అందుకుని గుక్క పట్టాడు. తియ్యగా ఉంది. రెండో గుక్కలో నాలుక మీద సున్నం తగిలింది. మొహం చిట్లించి పక్కకు ఉమ్మాడు.

"కల్లుల సున్నం కలుపుతవా? సిగ్గు లేదురా నీకు? చెట్టు తల్లి కాదారా?"

కాళిముత్తు బిత్తరపోయాడు.

"మా దిక్కు మందు కలిపేటోళ్లను చూసిన. వాళ్లతోని కొట్లాడిన. సున్నం కలిపేటోన్ని ఇయ్యాల్నే చూస్తున్న! గౌండ్ల పుట్టుక పుట్టినవా నువ్వు?"

వెంకటరత్నం చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి, ఆగండి. ఇది కల్లు కాదండీ. పదనీరు అంటారు. పులవకుండా ఉండాలని కుండ లోపల సున్నం పూస్తారు. ఈ రాష్ట్రంలో కల్లు దించితే నేరం. పట్టుకెళ్లి లోపలేస్తారు."

నర్సింగానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"చెట్టెక్కనిస్తరు గని కల్లు దించనియ్యరా?"

"అంతేనండీ."

అతను కాళిముత్తు వైపు చూశాడు. ఆ మనిషి ఛాతీ మీద, ముంజేతుల లోపలి వైపు చర్మం కాయ కాసి నల్లగా గట్టిపడి ఉంది. రోజూ చెట్టును కౌగిలించుకునే వాళ్లకే అక్కడ కాయలు కాస్తాయి. నర్సింగం దోసిలిలో మిగిలినదంతా ఆగకుండా తాగాడు. ఖాళీ ఆకును కాళిముత్తు ముందు రెండు చేతులతో పెట్టాడు.

"ఈ మనిషి చెమట ఉమ్మిన. తప్పయిందని చెప్పుండ్రి సారూ."

వెంకటరత్నం చెప్పాడు. కాళిముత్తు పళ్లు బయటపెట్టి నవ్వాడు. నర్సింగం చొక్కా గుండీలు విప్పి తన ఛాతీ చూపించాడు. కాళిముత్తు దగ్గరకు వచ్చి బొటనవేలితో ఆ కాయను నొక్కి చూశాడు. తర్వాత తన ముంజేయి ముందుకు చాపాడు. నర్సింగం నొక్కాడు. వ్యానులో ఉన్నవాళ్లు హారన్ కొడుతున్నారు.

"సారూ, ఇంకొక మాట చెప్పుండ్రి. రేపు పొద్దుగాల నాకు ఒక్క లొట్టి కావాలె. సున్నం పూయనిది."

వెంకటరత్నం మొహం మారింది. అయినా అడిగాడు. కాళిముత్తు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. గబగబా ఏదో అన్నాడు.

"పోలీసులు పట్టుకుంటే నువ్వొచ్చి విడిపిస్తావా అంటున్నాడండీ."

"ఇడిపియ్య చేత కాదు. లోపట పక్కన కూసుంట. తోడు ఉంట. నాకు అలవాటే."

వెంకటరత్నం ఆ మాట చెబుతూ తనే నవ్వాడు. కాళిముత్తు నవ్వలేదు.

"తాగనీకె కాదని చెప్పుండ్రి. మా ఎల్లమ్మకు. రేపు మా రాష్ట్రం పుడుతది. అక్కడ జెండా లేసే టైముకు నేను భూమికి పోయాలె. మొక్కు."

ఈసారి వెంకటరత్నం చాలాసేపు చెప్పాడు. కాళిముత్తు నర్సింగం మెడలోని కండువాను చూశాడు. తోపు చివర రాయి కింద ఉన్న పసుపు పూసిన చిన్న దేవతను చూశాడు. ఒక వేలు ఎత్తాడు.

"అమ్మవారికి అయితే ఒక్కటే ఒక్క కుండ అంటున్నాడు. తెల్లారి రమ్మంటున్నాడు."

"మీరు ఏమని చెప్పిండ్రు సారూ?"

"ఉన్నదే చెప్పానండీ. ఇన్నేళ్లు కొట్లాడి తెచ్చుకున్నారు, ఆ రోజుకి ఈ పెద్దాయన ఊరికి దూరంగా ఉన్నాడు అని." వెంకటరత్నం ఇసుకలోకి చూశాడు. "మా ఇంట్లో మా అబ్బాయి నిన్నటి నుంచి అన్నం తినట్లేదు, విడిపోయామని. ఎవరి బాధ వాళ్లది. మొక్కు మొక్కే కదండీ."

ధనుష్కోటిలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు తుపాను ఊరిని మింగిందట. కప్పు లేని చర్చి, గోడలు మాత్రం మిగిలిన స్టేషన్, నీళ్ల ట్యాంకు మొండెం. నర్సింగం గోడల మధ్య తిరిగాడు. సిరిసిల్ల దగ్గర డ్యాం కింద మునగబోయే ఊళ్లలో తనకు చుట్టాలున్నారు. వాళ్ల ఇళ్లు ఇలాగే అవుతాయనుకున్నాడు. గుడిసెల దగ్గర చేపలు వేయిస్తున్నారు. నూనె చిటపటలు గాలిలో దూరం వినిపిస్తున్నాయి. అందరూ ఇసుకలో కూర్చుని ముళ్లు తీసుకుంటూ తిన్నారు. జితేందర్ ఒక చేపను ఆకులో పెట్టి తెచ్చి మామ పక్కన పెట్టాడు. వెళ్లాడు. నర్సింగం ముట్టలేదు. కాకులు వచ్చి ఎత్తుకుపోయాయి.

సోమవారం పొద్దున వెంకటరత్నం వచ్చి తలుపు కొట్టేసరికి నర్సింగం తల స్నానం చేసి తయారుగా ఉన్నాడు. శ్రీలత పసుపు, కుంకుమ తెచ్చింది. ఇంటి దగ్గర నుంచే తెచ్చినట్టుంది. ఎందుకు తెచ్చావని అతను అడగలేదు. జితేందర్ వ్యాను డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

కాళిముత్తు కుండను తోపు మధ్యలోకి, రోడ్డుకు కనపడని చోటికి తెచ్చాడు. కొత్త కుండ. నర్సింగం వంగి మూతి దగ్గర చెవి పెట్టాడు. లోపల బుసబుసమని చిన్న మోత. పొంగుతున్న కల్లు చేసే మోత. అతను చెవి తీయగానే కాళిముత్తు చెవి పెట్టాడు. ఎన్నేళ్లయిందో ఆ మోత విని. కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు.

నర్సింగం కుండకు పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు. ఇసుకను అరచేత్తో చదును చేశాడు. తర్వాత ఊరికి ఫోన్ కలిపాడు. సామేలు ఎత్తాడు. సామేలు కూలి పనులు చేసుకునే మనిషి, చర్చికి పోయేవాడు. ప్రతి ధర్నాలో నర్సింగం పక్కన కూర్చున్నవాడు.

"తమ్మీ, గద్దె కాడ ఉన్నవా?"

"ఉన్ననన్నా." వెనక డప్పులు, మైకులో ఎవరిదో ఉపన్యాసం.

"జెండా లేవంగనే చెప్పు. నేను ఇక్కడ పోస్త."

"ఎక్కడ పోస్తవన్నా?"

"ఇక్కడనే. సముద్రం ఒడ్డుకు. కల్లు దొరికింది. నువ్వు చెప్పు, గంతే."

డప్పుల మోత పెరిగింది. జనం కేకలు. "లేసిందన్నా! లేసింది! జై తెలంగాణ!" అని సామేలు అరిచాడు.

నర్సింగం ఫోన్ శ్రీలత చేతికిచ్చాడు. కుండను రెండు చేతులా ఎత్తాడు. "తల్లీ ఎల్లమ్మా, సల్లంగ సూడు. ఊరును సూడు. అచ్చిన రాజ్యాన్ని సూడు" అన్నాడు. ధార ఇసుక మీద పడింది. నురుగు తేలింది, ఇసుక తాగేసింది. అతను మూడుసార్లు పోశాడు. జన్మలో ఇంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదనిపించింది.

కుండ దించి ఫోన్ తీసుకున్నాడు.

"అక్కడ సాక ఎవలు పోసిండ్రు తమ్మీ?"

అటు నుంచి డప్పుల మోతే వినిపించింది.

"సామేలూ."

"ఎవ్వలు పొయ్యలేదన్నా."

"అదేంది?"

"జెండా పాత సర్పంచ్ ఎక్కిచ్చిండు."

మొన్నటి దాకా తమ మీద పోలీసులకు ఫోన్లు చేసిన మనిషి. ఎలక్షన్ల ముందు కండువా మార్చాడు.

"నెల కిందనే చెప్పిండన్నా. గీసేటోళ్లు గద్దె కాడికి రావద్దు, పెద్దలు అస్తున్నరు, కల్లు వాసన కొట్టద్దు అన్నడు. గద్దె చుట్టు తాడు కట్టిచ్చి, లొట్టి తెస్తే అవుతలనే ఆపుమన్నడు. మేమందరం తాడు అవుతలనే ఉన్నం. ఇప్పుడు గూడ ఆడినుంచే మాట్లాడుతున్న."

"నాకెందుకు చెప్పలే?"

"శ్రీలతకు చెప్పిన. అల్లుడు అన్నడట, 'నన్నే తిట్టుకోనీ, మామ మాత్రం ఆ తాడు అవుతల నిలవడద్దు' అని. నన్ను చెప్పద్దని ఒట్టు పెట్టిచ్చిండ్రన్నా. ఇప్పుడు సాక ముచ్చట అడిగినవు. అబద్ధం ఆడలేకపోయిన."

నర్సింగం ఫోన్ ఆపాడు. శ్రీలత అతని మొహం చూసి గ్రహించింది. దూరంగా వ్యాను దగ్గర జితేందర్ నిలబడి ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎండకు ఇసుక కాలడం మొదలైంది. కాళ్లు మార్చి మార్చి వేస్తున్నాడు, చెప్పులు మాత్రం వేసుకోవడం లేదు.

"నా కత్తికి భయపడ్డరా బిడ్డా? ఆ సర్పంచ్‌ను పొడుస్త అనుకున్నరా?"

"కత్తికి కాదు బాపూ."

"మరి?"

"నిన్ను తాడు అవుతల నిలవెడితే నువ్వు ఏం అనకుండ నిలవడ్తవేమో అని." ఆమె గొంతు గట్టిగానే ఉంది. "గది చూడద్దనుకున్న."

నర్సింగం నిలబడనని చెప్పబోయాడు. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. సామేలు నిలబడ్డాడు. తోటి గౌండ్లు నిలబడ్డారు. ఇన్నేళ్లు రోడ్ల మీద కూర్చున్న వాళ్లంతా ఆ రోజు తాడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇసుకలో తడి మచ్చ ఆరిపోతోంది. నర్సింగం దాన్ని చూశాడు. గద్దె దగ్గర ఎవరూ పోయలేదు. ఊరికి ఆ రోజు పడిన సాక ఇదొక్కటే. చెట్టు పరాయిది, నేల పరాయిది, కుండ దొంగ కుండ. పోసిన చెయ్యి మాత్రం తనది.

సాక పోశాక మిగిలింది పంచాలి. అతను మొదట కాళిముత్తుకు పోశాడు. కాళిముత్తు తాగి, మూతి తుడుచుకోకుండా, నాలుకతో పెదవులు తడుముకున్నాడు. తర్వాత వెంకటరత్నానికి. "మొదటిసారండీ" అంటూ అతను ముక్కు పట్టుకుని తాగాడు. "మా ఆవిడకి చెప్పకండి."

నర్సింగం వ్యాను వైపు తిరిగాడు.

"పిలగా, ఇటు రా."

జితేందర్ వచ్చాడు. "మామా, నేను అబద్ధం చెప్పిన..."

"ఆకు పట్టు."

జితేందర్ తాటాకు దోసిలి పట్టాడు. నర్సింగం నిండా పోశాడు. కొంచెం అంచు దాటి అల్లుడి వేళ్ల మీద కారింది. ఆకు ఖాళీ అయ్యేదాకా ఆగి మళ్లీ పోశాడు.

మధ్యాహ్నం మెస్‌లో అతను అల్లుడి పక్కన కూర్చున్నాడు. చేప రెండుసార్లు వేయించుకున్నాడు. పెరుగన్నం దాకా తిన్నాడు. వెంకటరత్నం ఏదో అడగబోయి భార్య మోచేత్తో పొడవగానే ఊరుకున్నాడు. బండి ఎక్కే ముందు శ్రీలత గవ్వలు కొంది. నర్సింగం బేరం ఆడి ఒకటి ఎక్కువ ఇప్పించాడు.

బుధవారం జగిత్యాలలో దిగారు. బస్టాండు నిండా గులాబీ కాగితాలు, వాడిన పూలు. కోరుట్లలో బిడ్డనూ అల్లుణ్ణీ దించి నర్సింగం ఒక్కడే రుద్రంగి బస్సు ఎక్కాడు. వాళ్లు దిగేటప్పుడు "పైలం" అని మాత్రం అన్నాడు. ఇద్దరినీ చూస్తూ అన్నాడు.

ఊళ్లో బస్సు ఆగే చోట టీ కొట్టు. పాత సర్పంచ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పది మంది. సామేలు కొట్టు పక్కన నిలబడి టీ తాగుతున్నాడు.

"ఏందిరా నర్సింగం," అన్నాడు పాత సర్పంచ్, అందరికీ వినపడేట్టు. "తెలంగాణ తెలంగాణ అని నెత్తి కొట్టుకుంటివి. తీరా అచ్చిననాడు సముద్రం కాడ షికారు కొట్టవడితివా?"

బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. ఒకడు "చేపలు మంచిగున్నయా మామా?" అన్నాడు.

సామేలు గ్లాసు కింద పెట్టాడు. "అన్న అక్కడ ఏం చేసిండో మీకు..."

నర్సింగం అతని మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. సామేలు ఆగిపోయాడు.

"మంచిగున్నయి," అన్నాడు నర్సింగం బెంచీ వైపు చూసి. "అల్లుడు తినిపిచ్చిండు."

అక్కణ్ణుంచి ఇంటికి పోయి సంచి పడేసి, మోకు భుజాన వేసుకుని చెట్ల వైపు నడిచాడు. సామేలు వెంట వచ్చాడు. చెట్టు కిందకి చేరేదాకా ఓపిక పట్టి అప్పుడు విరుచుకుపడ్డాడు.

"ఎందుకాపినవన్నా? చెప్తే వాని మొఖం మాడిపోవునాయె! ఊరికి సాక పోసింది నువ్వొక్కనివే. వాడు జెండా ఎక్కిచ్చిండు గాని సాక లేని జెండా ఎక్కిచ్చిండు. ఊరు వినద్దా?"

నర్సింగం మోకును చెట్టు చుట్టూ తిప్పి నడుముకు బిగించాడు. కత్తులు సరిచూసుకున్నాడు.

"వినద్దు."

"అదేందే!"

"చెప్తే దాన్ని గూడ మైకుల పెడ్తడు. వచ్చే ఏడు నన్ను పిలిచి శాలువ కప్పుతడు. వాని శాలువ కోసం పొయ్యలే నేను. మీరు గూడ తాడు అవుతల నిలవడ్డరు. ఒక్కరన్న తాడు తెంపిండ్రా?"

సామేలు తల దించుకున్నాడు.

"తెంపలే. నేను ఉంటే తెంపుదునో లేదో, అది గూడ చెప్ప. ఎవ్వలకు చెప్ప. శ్రీలతకు చెప్పలే, జితేందర్‌కు చెప్పలే. నువ్వు ఇన్నవు గనుక నీతోని ఒక్కసారి మాట్లాడుతున్న. మల్ల ఈ ముచ్చట నీ నోట అస్తే ఈ చెట్టు కిందికి రాకు."

"అన్నా..."

"చెప్పిన గద."

నర్సింగం చెట్టెక్కాడు. దిగాక సామేలుకు కల్లు పోశాడు. ఎండ గురించి, వానల గురించి మాట్లాడాడు. ఆ తర్వాత ఎవరు ఏ రకంగా అడిగినా, ఎగతాళికి అడిగినా, ప్రేమతో అడిగినా, జూన్ రెండున తను ఎక్కడున్నాడో, ఏం చేశాడో నర్సింగం మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు.